కెమెరా ఒరిగితే అంకుల్ ఇంటి కిందికి దూరారు

ఆ రోజుల్లో నాతో వాదించి నెగ్గినవాళ్ళు లేరు. నేను నెగ్గేదాకా ఎవర్నీ ఇంటికి వెళ్ళనిచ్చేదాన్ని కాను గనక. బ్రిస్బేన్‌లో యూనివర్సిటీకి వెళ్తూ, తేలిగ్గా పాసైపోవచ్చని సీనియర్లు చెబితే సినిమాల మీద ఓ పేపరు తీసుకున్నాను. పాఠం చెప్పే మేడం (పేరు పెట్టి పిలవమనేది, నాకు నోరు రాలేదు) ఓ పాత నలుపు తెలుపు సినిమా వేసి, కెమెరా కిందనుంచి చూపిస్తే ఆ మనిషంటే భయమేస్తుందనీ, పక్కకి ఒరిగితే ఏదో కీడు జరగబోతోందని గుండె దడదడలాడుతుందనీ చెప్పింది. "మావాళ్ళు కథ చూస్తారు, కెమెరాని కాదు" అన్నాను. అరగంట భరించి, "అయితే ఇది మీవాళ్ళకే చూపించి, ఏంచేశారో రాసుకురా. అదే నీ ఆఖరి అసైన్‌మెంట్" అంది. అది పోతే డిగ్రీ ఇంకో ఆర్నెల్లు వెనక్కే.

మావాళ్ళంటే ఇంకెవరు, సన్నీబ్యాంక్ పేటలో నాకు గది అద్దెకిచ్చిన అంకుల్, ఆంటీ. చెక్క ఇల్లు, నేలమీద కాదు, పొట్టి గుంజల మీద నిలబడి ఉండేది. అంకుల్ సివిల్ ఇంజనీరు. ఆదివారం ఆర్వో, అంటే మధ్యాహ్నం, ఇద్దర్నీ సోఫాలో కూర్చోబెట్టి, సినిమా వేసి, నోటుబుక్కు పట్టుకుని పక్కన కూర్చున్నాను. మెట్ల చివర దుష్టురాలైన జమీందారిణి నిలబడింది, కెమెరా కిందనుంచి పైకి చూస్తోంది. ఆంటీ నిట్టూర్చింది. "ఈశాన్యంలో మెట్లు పెట్టారు చూడు. ఆ ఇంట్లో పిల్లలు బాగుపడతారా?"

"ఈశాన్యమని మీకెలా తెలుసు ఆంటీ?"

"పొద్దుటి ఎండ ఆ కిటికీలోంచి పడట్లా?"

'భయం లేదు, వాస్తు ఉంది' అని ఉత్సాహంగా రాసుకున్నాను. అంతలో హీరోయిన్ వరండాలోకొచ్చింది, బొమ్మ మొత్తం పక్కకి ఒరిగింది. అంకుల్ కూడా దాంతోపాటు ఒరిగి, లేచి, పేపరు మడిచి టీవీ కింద దోపారు. లాభం లేకపోయింది. లోపలికెళ్ళి రసమట్టం తెచ్చి టీవీ మీద పెట్టారు. బుడగ సరిగ్గా మధ్యలో నిలబడింది. ఆయన మొహం పాలిపోయింది.

"టీవీ సమంగానే ఉంది. అయితే ఇల్లే ఒరిగింది. చెదలు!"

"అంకుల్, అది కెమెరా టెక్నిక్..."

"ఇంజనీరువి నువ్వా, నేనా?" అంటూ లుంగీ ఎగ్గట్టి, టార్చిలైటు పట్టుకుని ఇంటికిందికి పాక్కుంటూ వెళ్ళిపోయారు. కాసేపటికి చెక్కపలకల సందుల్లోంచి గొంతు. "ఏమేవ్, ఇప్పుడెలా ఉంది?"

సరిగ్గా అప్పుడే సీను మారింది. "సమంగా ఉందండీ!"

"మూడో గుంజ తన్నాను. ఇప్పుడు?"

"అయ్యో, మళ్ళీ ఒరిగింది! ఆ గుంజ ముట్టుకోకండి!"

"ముట్టుకోవట్లేదే, పట్టుకునే ఉన్నా!"

నేను నోరెత్తితే ఆంటీ, "నువ్వూరుకో, పైన కూర్చుని కబుర్లు చెబుతావు, కింద ఉన్నది మా ఆయన" అంది. సినిమా అయ్యేదాకా అంకుల్ మా ఇంటిని చేత్తో మోశారు. బయటికొచ్చాక, బూజుపట్టిన తలతో, "నిలబెట్టాను" అన్నారు. చెద ఒక్కటి కనిపిస్తే ఒట్టు.

ఏదేమైనా అబద్ధం రాయడం చేతకాక, జరిగింది జరిగినట్టు రాసిచ్చాను. మేడం క్లాసులోకెల్లా ఎక్కువ మార్కులేసి, ఒరిగిన ఫ్రేము చూసేవాళ్ళని ఎంత కలవరపెడుతుందో ఇంతకన్నా గట్టి రుజువు తనకెప్పుడూ దొరకలేదని రాసింది. అంటే నేను ఓడిపోయానన్నమాట! ఒళ్ళు మండి ఆవిడ గదికి వెళ్ళాను. "ఆయన భయపడింది కెమెరాకి కాదు, చెదలకి. ఈ మార్కులు అన్యాయం" అన్నాను. ఆవిడ శాంతంగా ఎర్రపెన్ను మూత తీసి, "సరే, ఎన్ని తగ్గించమంటావ్?" అంది.

"ఆలోచించి వచ్చేవారం చెబుతాను" అని పేపరు లాక్కుని వచ్చేశాను.

ఇప్పుడు నా జుట్టు సగం నెరిసింది. మార్కులెక్కువయ్యాయని దెబ్బలాటకెళ్ళిన ఆ పిల్ల గుర్తొస్తే, తిట్టాలో ముద్దుపెట్టుకోవాలో తెలీదు. ఆ వాదనలో న్యాయం నాదేనని మాత్రం నేనిప్పటికీ అంటాను. మేడంతోనే, ఇంకా అనలేదు.