ఎమ్మిగనూరు చేరని పరుగు

మాది ఆదోని. రోజూ తెల్లవారగానే ఎమ్మిగనూరు రోడ్డు మీద కాసేపు పరుగెత్తి ఇంటికి వస్తాను. ఒళ్లు తగ్గాలని, అంతకు మించి ఏమీ లేదు. ఈ రోజు చర్చిలో పాస్టరుగారు ప్రార్థన మనవులు ఉంటే చెప్పమన్నారు. నేను పట్టుకునేలోపే మా ఐదేళ్ల కూతురు కృప లేచి నిలబడింది.

“మా అమ్మ దినామూ ఎమ్మిగనూరు రోడ్డులో ఉరుకుతాది. ఎంత ఉరికినా ఊరు రాదు. మళ్లా ఇంటికే వస్తాది. అందరూ ప్రార్థన చేయండి.”

మా పుట్టిల్లు ఎమ్మిగనూరే అని సంఘంలో తెలియనివాళ్లు లేరు. అందరి తలలూ మా ఆయన వైపు తిరిగాయి. ఆమెన్ అనడమే ఆలస్యం, వెనక వరసలోని ఆశీర్వాదమ్మవ్వ వచ్చి ఆయన చొక్కా పట్టుకుంది.

“ఏమప్పా, పెండ్లాము పుట్టింటికి ఉరుకుతాంటే సూస్తా కూర్చున్యావా? బస్సన్నా ఎక్కించకూడదా?”

“అవ్వా, ఆమె సన్నబడేకి ఉరుకుతాది.”

“యాడ సన్నబడిందప్పా?” అంది అవ్వ.

దాంతో ఆయన వాదన ఓడింది, నా పరువూ పోయింది. సాయంత్రం ఆయనే బండి తీసి నన్నూ పాపనూ ఎక్కమన్నాడు. ఎమ్మిగనూరులో మా అమ్మ వాకిట్లో దిగగానే కృప చేతులెత్తి, “స్తోత్రం! అమ్మ చేరుకునింది!” అని వీధంతా వినబడేలా అరిచింది.

ఇప్పుడు అమ్మ చేసిన నాలుగో ఓళిగ, అదే బొబ్బట్టు, తింటూ ఇది రాస్తున్నాను. ఇవి కరగాలంటే రేపు పొద్దున్నే ఇక్కడా పరుగెత్తాలి, అదీ ఆదోని రోడ్డు మీద. మా అమ్మ వీధివాళ్లు ఏమనుకుంటారో మీరే చెప్పండి.