ఏడు గుడ్డబొమ్మల మిద్దె పాట

ముప్పైనాలుగేళ్ళు స్కూలు పిల్లలకు యూనిఫారాలు కుట్టిన మనిషి అరవై మూడో ఏట తానే సంచీ భుజాన వేసుకుని కాలేజీకి బయలుదేరితే ఇంట్లో వాళ్ళు నవ్వకుండా ఎలా ఉంటారు? అందరూ నవ్వారు. అమ్మమ్మ ఎవరినీ పట్టించుకోలేదు. కళ్ళజోడు తుడుచుకుని వెళ్ళి, సాయంకాలం పూట జరిగే బొమ్మల సినిమా కోర్సులో చేరిపోయింది.

క్లాసులో అందరూ ఇరవై ఏళ్ళ లోపు వాళ్ళు. పాఠం చెప్పే మేడం అమ్మమ్మ సొంత కూతురి కన్నా చిన్నది. అయినా మేడం లోపలికి రాగానే అమ్మమ్మ లేచి నిలబడేది. మోకాళ్ళ నొప్పి వల్ల ఆవిడ పూర్తిగా లేచేసరికి మేడం హాజరు వేయడం కూడా అయిపోయేది.

ఏడాది చివర ప్రతి విద్యార్థీ ఒక జానపద పాట తీసుకుని దానికి బొమ్మలతో వీడియో చేయాలి. బొమ్మను వెంట్రుకవాసి కదిపి ఒక ఫొటో, మళ్ళీ కదిపి ఇంకో ఫొటో, అలా వందల ఫొటోలు వరసగా తిప్పితే బొమ్మ దానంతట అదే కదులుతున్నట్టు కనిపిస్తుంది. కోర్సు ఆఖరి శనివారం మధ్యాహ్నం పన్నెండు గంటల్లోపు వీడియో ఇవ్వకపోతే తప్పినట్టే. పోనీ వచ్చే ఏడు రాసుకుందామంటే, ఆ కోర్సు ఈ ఏడాదితో ఎత్తేస్తున్నారు. ఈ సంగతి తెలిసిన రోజు నుంచీ అమ్మమ్మకు అన్నం సయించడం మానేసింది.

పాట మాత్రం వెంటనే దొరికింది. వాళ్ళమ్మ మిద్దెలు కొట్టే పనికి పోయేది. పైకప్పు మీద ఇటుక ముక్కలూ సున్నమూ కలిపి పోసి, ఆడవాళ్ళంతా వరసగా కూర్చుని చెక్కలతో కొట్టి గట్టిపరిచేవారు. ఆ దెబ్బలకు ఒక పాట ఉండేది.

"కొట్టవే చెల్లెలా, కొసదాకా కొట్టు,
వానచుక్క దిగకుండా వరసపెట్టి కొట్టు."

కాలేజీ రికార్డింగు గదిలో బల్ల మీద చెక్కతో కొడుతూ అమ్మమ్మ ఈ పాట ఒక్క ఊపున పాడేసింది. తరువాత ఇంటికొచ్చి, ఛాతీ, నడుము, పొడవు అని గళ్ళు గీసి ఉన్న పాత కొలతల పుస్తకం తీసి లెక్క వేసుకుంది. పాటకు ఇరవై నాలుగు వరసలు. వరసకు ఎనిమిది దెబ్బలు. మొదటి చరణం గడియారం పెట్టుకుని మూడుసార్లు కొలిచి, సెకనుకు పన్నెండు ఫొటోలని మేడం చెప్పిన లెక్కన దెబ్బకు ఎనిమిది ఫొటోలు అని తేల్చింది. మొత్తం పదిహేను వందల ముప్పై ఆరు.

తీగ వంచి, మిగిలిన యూనిఫారం గుడ్డలు చుట్టి, ఏడుగురు ఆడవాళ్ళను తయారుచేసింది. వాళ్ళ తలలు గుడ్డ తొడిగిన బొత్తాలు. అట్టముక్క మీద సుద్దా జిగురూ పూస్తే మిద్దె. వెనక గది కిటికీకి నల్లగుడ్డ కొట్టి, ఒకే దీపం పెట్టి, రోజూ పొద్దున్నే తలుపు గడియ వేసుకునేది. వేసిన గడియను మళ్ళీ లాగి చూసేది. బొమ్మ కదిపే ముందు ఊపిరి బిగబట్టేది, ఫొటో తీశాక వదిలేది. ఒక్కో ఉదయం నలభై ఫొటోలు అయ్యేవి.

బస్సు నడిపి రిటైరైన తాతయ్యకు అసలు కష్టం అప్పుడు మొదలైంది. ఆయన అడుగు వేస్తే నేల అదిరి బొమ్మ పక్కకు ఒరుగుతుందని అమ్మమ్మ అనుమానం.

"ఎవరూ? మీరేనా? ఎందుకలా దభదభా నడుస్తారు?" అని లోపలి నుంచి కేక.

"నడవట్లేదే తల్లీ, కుర్చీలో కూర్చున్నాను."

"అయితే ఎందుకలా కూర్చుంటారు?"

"మునివేళ్ళ మీద తిరుగుతున్నాను దొంగలాగా, అదీ నా సొంతింట్లో," అని తాతయ్య గోడకు చెప్పుకునేవాడు. ఒకరోజు తుమ్ము వస్తే వీధి చివరిదాకా పరిగెత్తి అక్కడ తుమ్మి వచ్చాడు.

అయిదున్నర వారాల తరువాత గురువారం నాడు ఫొటోలన్నీ పట్టుకుని అమ్మమ్మ కాలేజీకి వెళ్ళింది. చరణం చరణానికీ పాట జతచేసి చూసుకోమని మేడం మొదట్లోనే చెప్పింది. కంప్యూటరు ముట్టుకుంటే ఏం చెడిపోతుందోనని భయపడి అమ్మమ్మ మొదటి చరణం ఒక్కటే చూసి ఊరుకుంది. అది కొలిచి కుట్టినట్టు కుదిరింది కూడా.

ఆ గురువారం పాట మొత్తం ఫొటోలతో కలిపి వేశారు. మొదటి చరణం బాగుంది. రెండో చరణంలో దెబ్బ చప్పుడు కాస్త ముందొచ్చి, చెక్క కాస్త వెనకొచ్చింది. నాలుగో చరణానికి దెబ్బ వినిపించే వేళకు బొమ్మలు తీరిగ్గా చేతులు పైకెత్తుతున్నాయి. తరువాత పాట అయిపోయింది. ఏడుగురు ఆడవాళ్ళు మాత్రం చప్పుడూ పాటా లేకుండా ఇరవై రెండు సెకన్ల పాటు మిద్దె కొడుతూనే ఉన్నారు.

వెనక బెంచీలోంచి పొడుగు జడ పిల్ల అంది, "ఆంటీ, మీవాళ్ళకు ఓవర్‌టైమా?"

క్లాసంతా గొల్లుమంది.

మేడం నెమ్మదిగా అడిగింది, "ఆంటీ, మొదటి చరణం ఒక్కటే కొలిచారా?"

"ఒక చెయ్యి కొలిస్తే రెండో చెయ్యి అంతే కదండీ. గుడ్డ మడత పెట్టి రెండు చేతులూ ఒకేసారి కత్తిరిస్తాం."

"చొక్కాకు సరే. మీరు పాటను పోనుపోను పరిగెత్తించారు. ఈ పాటకు ఏ చెయ్యి కొలత దానిదే."

"నేనా? నేను పరిగెత్తించలేదండీ," అంది అమ్మమ్మ ఏడుపు గొంతుతో. మళ్ళీ పాట వింది. పరిగెత్తించిన మాట నిజమే.

మేడమే ఒక దారి చెప్పింది. రేపు పొద్దున వచ్చి, చెవిలో యంత్రం టిక్కు టిక్కుమంటుంటే దాని ప్రకారం పాట మళ్ళీ పాడాలి. పాట బొమ్మలకు సరిపోతుంది. పావుగంట పని.

ఆ సాయంకాలం అమ్మమ్మ ముందు పెట్టిన కంచం అలాగే ఉండిపోయింది. తాతయ్య పక్కన కూర్చున్నాడు.

"పావుగంట పనే అంటున్నావుగా, ఇంకా ఎందుకే ఆ దిగులు?"

"అమ్మ అలాగే పాడేది. తొమ్మిదేళ్ళప్పుడు నీళ్ళు మోయడానికి నన్నూ మిద్దె ఎక్కించేది. ఎండెక్కేకొద్దీ సున్నం గట్టిపడిపోతుంది. ఆలోపు అయిపోవాలని చివరికొచ్చేసరికి ఆ వేగానికి చేతులు కనబడేవి కావు. నాకు తెలియకుండానే నా నోట్లో కూడా అదే పరుగు ఉంది."

తాతయ్య కంచం ముందుకు జరిపాడు. "పోనీ ఒక ముద్ద తిను," అన్నాడు.

శుక్రవారం పొద్దున రికార్డింగు గదిలో చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని అమ్మమ్మ నిలబడింది. టిక్కు, టిక్కు, టిక్కు. నాలుగు వరసలు బడిపిల్ల ఎక్కం అప్పచెప్పినట్టు పాడింది. అయిదో వరసకు ఫోన్లు తీసి బల్ల మీద పెట్టేసింది.

"ఇలా కొడితే మిద్దె కారుతుందండీ."

"ఆంటీ, రేపు పన్నెండింటికి..."

"తెలుసండీ. కానీ ఇది ఆ పాట కాదు."

మేడం కంప్యూటరులో లెక్క చూసింది. "అయితే ఫొటోలు తగ్గించాలి. పాట ఎంత పరిగెత్తితే బొమ్మల చేతులూ అంత పరిగెత్తాలి. లెక్క ప్రకారం రెండు వందల అరవై నాలుగు తీసెయ్యాలి. ఏవో మీరే చూసుకోవాలి."

రెండు వందల అరవై నాలుగంటే ఆరున్నర ఉదయాలు. ఊపిరి బిగబట్టి తీసిన ఫొటోలు. మొదటిదాన్ని తీసేయడానికి అమ్మమ్మ వేలు మీట మీద పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి, కళ్ళు మూసుకుని నొక్కింది. కళ్ళు మూసుకోవడం వల్ల రెండుసార్లు నొక్కుకుపోయింది. పొడుగు జడ పిల్ల పరిగెత్తుకొచ్చి పోయినదాన్ని వెనక్కి తెచ్చి పెట్టింది. "కళ్ళు తెరుచుకుని నొక్కండి ఆంటీ, అది కరవదు," అంది.

చెక్క మిద్దెను తాకిన ఫొటో జోలికి మాత్రం పోకూడదని అమ్మమ్మ నియమం పెట్టుకుంది. అది పోతే దెబ్బే పోతుంది. చెయ్యి లేచేటప్పుడో దిగేటప్పుడో ఉన్న ఫొటోలే ఒక్కొక్కటిగా తీసేసింది. రెండో చరణంలో దెబ్బకు ఏడు మిగిలాయి. ఆఖరి చరణానికొచ్చేసరికి అయిదే మిగిలాయి. పెదవులు లెక్కపెడుతూనే ఉన్నాయి. ఎవరైనా పలకరిస్తే లెక్క తప్పి మొదటికొచ్చేది, అందుకని తాతయ్య మధ్యాహ్నం క్యారేజీ తెచ్చి గుమ్మంలోనే నిలబడి చేతి సైగలు చేశాడు. ఆయనేదో కొంప మునిగిన కబురు తెచ్చాడనుకుని ఆవిడ కుర్చీలోంచి లేచింది. లెక్క ఎలాగూ తప్పింది.

కాలేజీ మూసేవేళకు ఇంకా పదకొండు ఫొటోలు ఎక్కువున్నాయి. శనివారం పొద్దున తాళం తీసేవాడి కన్నా ముందే అమ్మమ్మ గేటు దగ్గర ఉంది. పన్నెండుకు ఇరవై నిమిషాలుండగా వీడియో ఇచ్చేసి బెంచీ మీద కూలబడింది.

మధ్యాహ్నం హాల్లో అందరి వీడియోలూ వేశారు. అమ్మమ్మ వంతు వచ్చేసరికి తాతయ్య చెయ్యి గట్టిగా పట్టుకుంది. తెర మీద ఏడుగురు గుడ్డబొమ్మలు తీరిగ్గా మొదలుపెట్టారు. కాస్త ఊపందుకున్నారు. మూడో చరణానికి హాల్లో గుసగుసలు ఆగాయి. చివరికి చేతులు కనబడలేదు, చెక్కలు దిగడమే కనబడింది. ఒక్కసారిగా దెబ్బా పాటా కలిసి ఆగిపోయాయి. ముందు వరసలో ఎవరో అప్పటిదాకా పట్టుకున్న ఊపిరి వదిలారు. తరువాత చప్పట్లు. పొడుగు జడ పిల్ల అయితే ఈల వేసింది.

మేడం జాబితా చదివింది. అమ్మమ్మ పాసయింది. అందరూ చుట్టూ మూగారు. ఆవిడ మొహంలో మాత్రం దిగులు అంగుళం కూడా తగ్గలేదు.

"మేడం గారూ, మూడో చరణంలో నాలుగో మనిషి ఒక దెబ్బ తప్పింది. చూశారా?"

"లేదు ఆంటీ, నాకేం కనిపించలేదు."

"ఎవరికీ కనిపించలేదా?"

ఎవరికీ కనిపించలేదు.

"అయితే మళ్ళీ వెయ్యండి, చూపిస్తాను," అంది అమ్మమ్మ, కళ్ళజోడు సరిచేసుకుని తెర వైపు నడుస్తూ. తాతయ్య ఆవిడ కొంగు పట్టుకుని వెనక్కి లాగుతూనే ఉన్నాడు.