అభ్యంతరం గారూ, జింకల జబ్బూ

అభ్యంతరం గారికి ఉన్నది ఒకే ఒక్క అలవాటు. ఎవరు ఏమన్నా సరే, అభ్యంతరం చెప్పడం. మిగతా అలవాట్లన్నీ దాని పక్కన చోటు చాలక ఎప్పుడో ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయాయి. ఆయనకి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుండాలి. దాని మీద కూడా ఏదో ఒకటి అనే ఉంటాడు, లేకపోతే ఊరు ఊరంతా కలిసి ఒక పేరుని అంత చక్కగా ఎలా మర్చిపోతుంది?

పుట్టగానే పిల్లలందరూ ఏడుస్తారు. ఈయన మాత్రం నర్సు "మగపిల్లాడు" అనేదాకా ఆగి, అది విన్నాక ఏడ్చాడని వాళ్ళమ్మ చెప్పేది. మంగలి దగ్గర కూర్చుంటే అద్దం మీద అభ్యంతరం: "ఇది కుడిని ఎడమ చేసి చూపిస్తోందయ్యా, నువ్వు ఏ చెవి దగ్గర కత్తిరిస్తున్నావో నాకెలా తెలియాలి?" పళ్ళ డాక్టరు పట్టకారు నోట్లో పెట్టి పీకబోతుంటే, ఆ పట్టకారు సందులోంచే దారి చేసుకుని "ఆ పన్ను కాదు" అన్నాడు. నిజంగానే ఆ పన్ను కాదు. అది వేరే సంగతి.

ముప్ఫైరెండేళ్ళుగా భోజనాల బల్ల దగ్గర వినిపించేది ఇదీ.

"కూరలో ఉప్పెక్కువైంది."

"ఇవాళ ఉప్పే వెయ్యలేదు," అనేది భార్య.

"అదే చెప్తున్నా. వెయ్యకుండానే ఎక్కువైంది."

ఇలాంటి మనిషిని వీధిలో పెట్టుకుని భరించడం కంటే దూరంగా ఎక్కడికైనా పంపడం మేలని జనం ఓట్లేసి కౌన్సిల్‌కి పంపారు. పద్దెనిమిదేళ్ళయింది. కౌన్సిల్‌లో ఆయన కుర్చీ ఆఖరి వరసలో కిటికీ పక్కన. ఆయన లేచి గొంతు సవరించుకుంటే సీలింగు ఫ్యాను కూడా ఒక చుట్టు తగ్గించుకుని తిరిగేదని చెప్పుకుంటారు. నమ్మకపోతే మానేయండి, ఫ్యాను ఇంకా అక్కడే ఉంది.

ఆ కౌన్సిల్‌కి ఒక మంగళవారం జింకల డాక్టరమ్మ వచ్చింది.

ఆవిడ ప్రయోగశాల అటవీ కార్యాలయం వెనకాల, ఒకప్పుడు సైకిళ్ళు పెట్టుకునే గది. ఒక మైక్రోస్కోపు, రెండు బల్లలు, పులిలా గుర్రుమనే ఒక ఫ్రీజరు. ఊరి పక్క అడవిలో జింకలకి ఏదో కొత్త జబ్బు తగిలింది. తిన్నది ఒంటపట్టడం లేదు. చొల్లు కారుస్తూ, తలలు వేలాడేసుకుని, ఎముకల గూళ్ళలా తిరిగి తిరిగి పడిపోతున్నాయి. అది ఏం జబ్బో, ఎక్కణ్ణించి వచ్చిందో, పక్కన మేసే పశువులకి పాకుతుందో లేదో ఎవరికీ తెలియదు. డాక్టరమ్మ రెండేళ్ళుగా తవ్వుతోంది. చేతిలో ఉన్న డబ్బు ఇంకో అయిదు నెలలకి సరిపోతుంది. ఈలోగా కౌన్సిల్ సాయం చెయ్యకపోతే గదికి తాళం పడుతుంది, ఫ్రీజరు ఆగుతుంది, రెండు వందల పన్నెండు జింకల నమూనాలు చెత్తబండి ఎక్కుతాయి. ఆవిణ్ణి ఎక్కడికో బదిలీ చేసి కోళ్ళ సర్టిఫికెట్ల మీద ముద్రలు వేయించుకుంటారు.

చెప్పాల్సింది పావుగంటలో చెప్పి నిలబడింది. చర్చ మొదలైంది.

"జింకకి జబ్బు చేస్తే జింక చూసుకోవాలి గానీ మధ్యలో మనమెవరం?" అన్నాడు వీధి దీపాలు చూసే సభ్యుడు. "పోనీ ఓటుందా అంటే, అదీ లేదు."

"అసలు దాన్ని జబ్బు అనడం దేనికి?" అంది పర్యాటకం చూసే సభ్యురాలు. "ఇంతకుముందు జింకని చూడాలంటే బైనాక్యులర్సు కావాలి. ఇప్పుడు మనిషిని చూసినా పారిపోవడం లేదు. జనం పక్కన నిలబడి ఫొటోలు దిగుతున్నారు. నెమ్మదైన జింకలు అని ఒక బోర్డు పెట్టిద్దాం."

"అవి నెమ్మదైనవి కావండీ. చచ్చిపోతున్నాయి," అంది డాక్టరమ్మ.

"నెమ్మదిగానే కదా?"

అధ్యక్షుడు గడియారం చూసుకున్నాడు. ఆయనకి రాజకీయంగా ఒకటే సిద్ధాంతం, పన్నెండున్నరకి భోజనం. ముగిద్దామని నోరు తెరిచేలోపు ఆఖరి వరసలో గొంతు సవరించుకున్న చప్పుడైంది.

"అభ్యంతరం."

ఇరవైమంది సభ్యులు ఒక్కసారిగా కుర్చీల్లో కిందికి జారారు.

"నూట నలభై జింకలు చనిపోయాయన్నారు. ఎవరు లెక్కపెట్టారు? ఒకే జింకని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి లెక్కపెట్టలేదని ఏంటి హామీ?"

"చచ్చిపోయిన జింక సాయంత్రానికి వేరే చోటికి వెళ్ళదు సార్," అంది డాక్టరమ్మ పళ్ళబిగువున.

"నక్కలు లాక్కెళ్తే?"

మినిట్స్ రాసే గుమాస్తా, కళ్ళజోడు తాడుతో మెళ్ళో వేలాడేసుకున్న పెద్దావిడ, అంతా రాసుకుంది. రాతలో పడ్డ అభ్యంతరానికి రాతలోనే జవాబు రావాలి, అది వచ్చేదాకా ఆ అంశం మూయకూడదు అన్నది కౌన్సిల్ నిబంధన. వచ్చే నెలకి వాయిదా.

ఆ నెలంతా డాక్టరమ్మ అడవిలో పడి చచ్చిన ప్రతి జింక చెవికీ నంబరు బిళ్ళ కొట్టింది. నూట నలభై కాదు, నూట అరవై మూడని తేలింది. రెండో సమావేశంలో కాగితం తీసుకెళ్ళి గర్వంగా బల్ల మీద పెట్టింది.

"అభ్యంతరం," అన్నాడాయన. "ఇవన్నీ జబ్బు జింకల రక్తాలు. బాగున్న జింకదేదీ? దేంతో పోల్చి చూస్తున్నారమ్మా?"

దారి పొడుగునా ఆయన్ని తిట్టుకుంటూ వెళ్ళింది. గదికి చేరి మైక్రోస్కోపు ముందు కూర్చున్నాక, అడిగింది సరైన ప్రశ్నేనని అర్థమైంది. దాంతో కోపం రెట్టింపైంది. తప్పుడు ప్రశ్న వేసేవాణ్ణి క్షమించొచ్చు, సరైన ప్రశ్న వేసేవాణ్ణి ఎలా క్షమించడం?

మూడో నెల బాగున్న జింకల రక్తంతో వెళ్ళింది.

"అభ్యంతరం. ఆ జింకలు తాగే వాగులోనే మేకలూ తాగుతాయి. మేకలవాళ్ళని అడిగారా?"

అడగలేదు. వెళ్ళి అడిగితే, వాగు గట్టున పదకొండు మేకలు తిన్నది ఒంటపట్టక చిక్కిపోతున్నాయి. డాక్టరమ్మ ఆ రోజే పదకొండింటికీ రక్తం తీసి, రాతలో జవాబు సిద్ధం చేసుకుంది.

ఇంకోపక్క ఆవిడ కళ్ళముందే వేరేవాళ్ళ పనులు నల్లేరు మీద బండిలా సాగిపోతున్నాయి. పాటకి తగ్గట్టు ఎగిరే ఫౌంటెన్ ఒకటి కావాలన్నారు. నాలుగు నిమిషాల్లో అన్ని చేతులూ లేచాయి. అభ్యంతరం గారు కిటికీలోంచి కాకిని చూస్తూ కూర్చున్నాడు. నోట్లోంచి ఒక్క అక్షరం రాలేదు.

"నా జింకలేం పాపం చేశాయమ్మా?" అని గుమాస్తాని అడిగింది డాక్టరమ్మ. "ఫౌంటెన్‌కి లేవని నోరు వీటి మీద ఎందుకు లేస్తోంది?"

"టీ తాగుతారా మేడం?" అంది గుమాస్తా.

నాలుగో సమావేశానికి అభ్యంతరం గారు రాలేదు. గొంతు పోయిందట. మాట పెగలడం లేదట. సభ్యులు పరామర్శకి వెళ్ళాలనుకుని, ఆ సంతోషంలో మర్చిపోయారు. జింకల అంశం పిలవగానే అధ్యక్షుడు "సూత్రప్రాయంగా ఆమోదం, ఏకగ్రీవం" అన్నాడు. చేతులన్నీ లేచాయి. నిమిషన్నర పట్టింది. అంతసేపు కూడా ఎందుకంటే, దీపాల సభ్యుడు ఆవులించి చెయ్యి ఆలస్యంగా ఎత్తాడు.

డాక్టరమ్మ ఏనుగెక్కినంత సంబరపడింది. క్యాంటీన్లో అందరికీ టీలు చెప్పింది. గుమాస్తా మాత్రం గ్లాసు ముట్టుకోలేదు.

"ఒకసారి ఇలా రండి మేడం," అని తాళంచెవుల గుత్తి తీసింది.

రికార్డు గది తలుపు తియ్యగానే దుమ్ము ఎదురొచ్చి పలకరించింది. గోడ పొడుగునా పైకప్పుదాకా బీరువాలు, ఫైళ్ళు.

"ఇవేంటి?" అంది డాక్టరమ్మ తుమ్ముతూ.

"ఏకగ్రీవాలు. అందరూ ఒప్పుకున్నవి. అందరూ ఒప్పుకున్నారంటే ఎవరూ పట్టించుకోనక్కర్లేదని. తేదీ వెయ్యరు, సంతకం పెట్టరు, డబ్బు కదలదు. మీరన్న ఫౌంటెన్ అదిగో, మూడో అరలో."

కిటికీ దగ్గర ఇంకో చిన్న బీరువా ఉంది. దాని మీద దుమ్ము లేదు.

"మరి అవి?"

"అయిపోయిన పనులు. ఆస్పత్రి మెట్ల పక్కన ర్యాంపు. బడి వెనక గోడ. చెవిటి పిల్లల క్లాసు." గుమాస్తా ఒక్కో ఫైలూ తెరిచి చూపించింది. ప్రతి దాంట్లో మొదటి కాగితం ఆవిడ చేతిరాతే. ప్రతి కాగితం పైనా ఒకటే మాట. అభ్యంతరం. "రాతలో అభ్యంతరం పడితే ఆ ఫైలు ఈ గదిలోకి రావడానికి వీల్లేదు మేడం. నెలనెలా బల్ల మీదికి వస్తూనే ఉంటుంది. పద్దెనిమిదేళ్ళుగా ఆయనకి నచ్చినవాటి మీదే ఆయన నోరు విప్పాడు. నచ్చనివాటిని ఏకగ్రీవానికి వదిలేస్తాడు."

"ఇది సభ్యుల్లో ఎవరికీ తెలియదా?"

"తెలియాలంటే ఈ గదిలోకి రావాలి కదా. ఇక్కడ దుమ్ము."

డాక్టరమ్మ అక్కణ్ణించి తిన్నగా ఆయనింటికి వెళ్ళింది. మెడకి మఫ్లరు చుట్టుకుని, ఒళ్ళో కాగితాల దొంతర పెట్టుకుని కూర్చున్నాడాయన. తలుపు తీసిన భార్య ముఖం పీక్కుపోయి ఉంది.

"తొమ్మిది రోజులైందమ్మాయ్, మాట పోయి," అంది. "కూర తింటాడు, ఊరుకుంటాడు. తింటాడు, ఊరుకుంటాడు. నాకు భయమేస్తోంది. నిన్న కావాలనే ఉప్పు రెండుసార్లు వేశాను, అయినా ఊరుకున్నాడు."

"సార్," అంది డాక్టరమ్మ, "జింకల పని ఏకగ్రీవమైపోయింది."

ఆయన ముఖం పిడుగులాంటి వార్త విన్నట్టయింది.

"వచ్చే సమావేశానికి మీరు రావాలి. ఎలాగైనా సరే, అభ్యంతరం చెప్పాలి."

ఇలాంటి కోరిక ఆయన్ని పుట్టి బుద్ధెరిగాక ఎవరూ కోరలేదు. పెన్ను మూత తీశాడు.

అయిదో సమావేశం. ఆ నెలాఖరుకి గదికి తాళం. ఏ సమావేశమైనా పాత సమావేశపు మినిట్స్ చదివి ఖాయం చెయ్యడంతో మొదలవ్వాలి. ఆ పని పన్నెండేళ్ళుగా ఎవరూ చెవిన పెట్టింది లేదు.

"పోయిన నెల మినిట్స్ మీద ఎవరికైనా అభ్యంతరమా?" అన్నాడు అధ్యక్షుడు. కిటికీ పక్కన మఫ్లరు చూసి, "గొంతు లేదుగా," అని నవ్వుకున్నాడు.

చెయ్యి లేచింది. ఆ చేతిలో కాగితాలున్నాయి. గుమాస్తా వెళ్ళి అందుకుని, కళ్ళజోడు పెట్టుకుని, గంట కొట్టినట్టు చదవడం మొదలుపెట్టింది.

"అభ్యంతరం ఒకటి. ఆమోదించారు సరే, డబ్బు ఏ తేదీన ఇస్తారు? రెండు. సంతకం ఎవరిది? మూడు. చెయ్యెత్తిన సభ్యుల్లో జబ్బు జింకని దగ్గరగా చూసినవాళ్ళెవరు, ఏ రోజు చూశారు? నాలుగు. ఫ్రీజరు ఆపేశాక వాసన ఎన్నో రోజున మొదలవుతుంది, అప్పుడు గది తలుపు తెరవడానికి ఏ సభ్యుడు వెళ్తాడు?"

నలభై ఒకటి ఉన్నాయి. పదిహేడోది వచ్చేసరికి పర్యాటకం సభ్యురాలు మంచినీళ్ళు తెప్పించుకుంది. ఆఖరిదాని కింద, ప్రతి సభ్యుడూ విడివిడిగా, సొంత చేతిరాతతో జవాబివ్వాలని ఉంది.

గడియారం పన్నెండుంపావు చూపిస్తోంది. అధ్యక్షుడు నిబంధనల పుస్తకం తిరగేశాడు. ఎక్కడా సందు దొరకలేదు.

"నా దస్తూరీ బాగుండదండీ," అన్నాడు దీపాల సభ్యుడు నీరసంగా. "ఇవన్నీ రాయడం కంటే, ఆ డబ్బులేవో ఇచ్చేస్తే పోలేదూ?"

పరిపాలనలో ఇంత గొప్ప ఆలోచన ఆ భవనం కట్టాక రాలేదు. తేదీ వేశారు, సంతకం పెట్టారు, ముద్ర కొట్టారు. అందరూ భోజనానికి లేచేసరికి పన్నెండూ ఇరవై ఎనిమిది. ఒక ప్రజా సభ సైన్సుకి నిధులు ఇలా కూడా ఇస్తుంది. ఇలాగే ఇస్తుందేమో కూడా.

ఆర్నెల్లకి డాక్టరమ్మ తొలి నివేదిక తయారుచేసింది. కౌన్సిల్‌కి ఇచ్చే ముందు ఆయనకి చూపిద్దామని ఇంటికి తీసుకెళ్ళింది. అప్పటికి గొంతు వచ్చేసింది. భార్య టీ తెచ్చింది, పంచదార తక్కువన్నాడు, ఆవిడ హాయిగా లోపలికి వెళ్ళింది.

చదవడం మొదలుపెట్టాడు. మొదటి పేజీ తిప్పాడు. మాట్లాడలేదు. రెండు. మాట్లాడలేదు. అయిదో పేజీ దగ్గర డాక్టరమ్మ కుర్చీ అంచుకి జరిగింది. తొమ్మిదో పేజీకి, మళ్ళీ అడవిలోకి వెళ్ళి మొదటి జింక నుంచి లెక్క మొదలుపెట్టాలేమో అనుకుంది. వంటింటి గుమ్మంలో భార్య గరిటె పట్టుకుని నిలబడిపోయింది.

పదమూడో పేజీలో ఆయన వేలు ఆగింది.

"అభ్యంతరం."

ఇద్దరు ఆడవాళ్ళూ ఒకేసారి ఊపిరి వదిలారు.

"జబ్బు మేకలకి ఎలా పాకుతోందో ఇంకా మాకు తెలియదు, అని రాశావు."

"అవును సార్. నిజంగానే ఇంకా తెలియదు. తెలుసుకుంటాం."

"ఆ కౌన్సిల్‌కి వచ్చిన కాగితాల్లో, మాకు తెలియదు అని రాసింది నేనింతవరకు చూళ్ళేదు. అలాంటి మాటని తీసుకెళ్ళి పదమూడో పేజీలో దాస్తావా తల్లీ? మొదటి పేజీలో పెట్టు."