నీలం కారు తలుపులో కిటికీ

ఆవిడ పళ్లు చేస్తుంది. డాక్టరు రోగి నోట్లోంచి తీసిన అచ్చు పొద్దున ఆవిడ బల్ల మీదికి వస్తే, మూడో రోజుకల్లా గులాబీరంగు చిగుళ్లతో సహా కట్టుడుపళ్ల సెట్టు తయారవుతుంది. పాతికేళ్లుగా అదే ల్యాబు, అదే స్టూలు. అందుకే వీధివీధంతటికీ ఆవిడ పళ్ల పిన్ని.

పిన్నికి భయం పుట్టుకతో వచ్చింది. రోడ్డు దాటాలంటే పక్కన ఇంకెవరైనా దాటేవాళ్లు దొరికేదాకా నిలబడుతుంది. లిఫ్టు మెకానిక్కుని పెళ్లాడి కూడా లిఫ్టు ఎక్కదు. నాలుగంతస్తులూ మెట్లే.

"నేను బాగుచేసిన లిఫ్టు నువ్వే ఎక్కకపోతే ఊళ్లోవాళ్లెలా ఎక్కుతారే?" అని భర్త దెప్పుతాడు.

"మీరు బాగుచేశారనే ఎక్కను" అంటుంది పిన్ని.

అలాంటి మనిషి కార్లు తయారుచేస్తుందంటే నమ్మడం కష్టమే. ఆరేళ్ల కిందట ల్యాబులో ఒక అచ్చు పగిలింది. చేతిలో మిగిలిన ముక్క పాతకాలపు కారు మూతిలా కనిపించింది. ఊరికే ఉండలేక గీకింది. ఆ వారం తన డబ్బుతో కొంత మైనం, కట్టుడుపళ్లకి వాడే అక్రిలిక్ కొంత కొనుక్కుని ఇంట్లో కిటికీ పక్క బల్ల మీద పెట్టుకుంది. నాలుగు నెలలకి జానెడు కారు తయారైంది. తలుపులు తెరుచుకుంటాయి, స్టీరింగు తిప్పితే ముందు చక్రాలు తిరుగుతాయి. పళ్లకి మెరుగు పెట్టే పొడితోనే దాన్నీ రుద్దింది. అద్దంలా అయింది, అందులో బొట్టు చూసుకోవచ్చు.

హాస్టల్లో చదువుకునే కూతురు సెలవులకి వచ్చినప్పుడు, అల్మరాలో ఒకదాని వెనక ఒకటి ఇరుక్కుని ఉన్న కార్లు చూసి, ఫోనులో ఒక వేలం సైటులో ఖాతా తెరిచింది. ఫోటోలు పెడితే ఏడు రోజులపాటు ఎవరెవరో పాడతారు. ఎక్కువ పాడినవాడిదే కారు. దాన్ని వేలం కంపెనీ గోడౌనుకి పంపితే, వాళ్లే సరిచూసి కొన్నవాళ్లకి చేరుస్తారు. అమ్మినవాళ్ల ఊరూ పేరూ కొన్నవాళ్లకి తెలియదు, వాళ్లది వీళ్లకి తెలియదు. పిన్ని ఒప్పుకున్నది ఆ ఒక్క మాట విని. తనకి 'బుల్లిబండి' అని పేరు పెట్టుకుంది.

రెండేళ్లలో తొమ్మిది కార్లు అమ్ముడుపోయాయి. వాటిలో ఆరు ఒక్కరే కొన్నారు. ఆ మనిషి సైటులో పెట్టుకున్న పేరు 'నాలుగో గేరు'.

ఒక మంగళవారం మధ్యాహ్నం, ల్యాబులో క్యారేజీ విప్పుతుంటే ఆ నాలుగో గేరు నుంచి మొదటిసారి మెసేజి వచ్చింది. "నీలం కారు ఎడమ తలుపులో ఒక కిటికీ కనిపిస్తోంది."

నీలం కారు అంతకు పది రోజుల ముందే అమ్ముడుపోయింది. మెరుగు అంత బాగా కుదిరిందని మెచ్చుకుంటున్నారనుకుంది పిన్ని. పొంగిపోయి, "ధన్యవాదాలండీ" అని రాసింది.

మర్నాడు అదే వేళకి ఇంకోటి వచ్చింది. "పచ్చ కర్టెను. కుర్చీలో మనిషి. ఎక్కడ నిలబడి తీశావో నాకు తెలిసిపోయింది."

చేతిలో ముద్ద క్యారేజీలో వదిలేసింది. ఫోనులో నీలం కారు ఫోటో తెరిచి, ఎడమ తలుపు మీద రెండు వేళ్లతో పెద్దది చేసింది. ఉంది. కిటికీ ఊచలు, వాటిలో వంగిన ఊచ ఒకటి, తలకి తువ్వాలు చుట్టుకుని ఫోను పట్టుకున్న ఆడమనిషి ఆకారం. ఆ ఆడమనిషి తనే. ఇంట్లో ఆ కిటికీకి ఉన్నది పసుపుపచ్చ కర్టెను. దాని పక్కన కుర్చీలో పొద్దస్తమానం కూర్చునేది అత్తగారు.

ఎవడో తన ఇంటిని, తన అత్తగారిని, తడి తలతో ఉన్న తనని చూశాడు. ఆ మధ్యాహ్నం ఎవరిదో పెద్దాయన సెట్టులో కోరపళ్లు రెండూ తారుమారు చేసింది. ల్యాబు యజమాని దాన్ని వెలుగులో పట్టుకుని, "ఏమ్మా, ఈయన వెనక్కి నములుతాడా?" అన్నాడు. పిన్నికి నవ్వు రాలేదు.

గురువారం మూడోది వచ్చింది. "ఇంకోసారి తీస్తే ఊరుకోను. నేను రోజంతా చూస్తూనే ఉంటాను."

వేలం కంపెనీకి ఫిర్యాదు రాసింది. మీ సందేశం మాకు ముఖ్యం, పది పనిదినాల్లో స్పందిస్తాం అని జవాబు క్షణంలో వచ్చింది. అమ్మకానికి సిద్ధమైన నల్ల కారుని గుడ్డలో చుట్టి బియ్యం డబ్బాలో పెట్టింది. కర్టెను రెండు రెక్కలూ కలిపి పైనుంచి కిందిదాకా పిన్నీసులు గుచ్చింది. శుక్రవారం మెట్లు ఎక్కుతుంటే హెల్మెట్టు పెట్టుకున్న మనిషి వెనకాలే వచ్చాడు. ఆవిడ ఆగితే ఆగాడు, నడిస్తే నడిచాడు. మూడో అంతస్తులో గోడకి అతుక్కుపోయి నిలబడింది. అతను కరెంటు మీటరు చూడటానికి వచ్చినవాడు. "ఏంటమ్మా, ఒంట్లో బాలేదా?" అని అడిగితే తల మాత్రం ఊపింది.

భర్తకి చెప్పక తప్పలేదు. ఆయన ఛాతీ విరుచుకుని, "రానీ, వాడి సంగతి నేను చూస్తా" అన్నాడు. అంతా మేకపోతు గాంభీర్యమే. పడుకోబోయే ముందు గడియ వేశాడో లేదో తనే మూడుసార్లు లేచి చూసుకున్నాడు.

అసలు తిక్క రేగింది అత్తగారికి. ఆవిడకి ఎనభై రెండు. కాళ్లు ఆడవు, కళ్లు మాత్రం గద్దకళ్లు. శనివారం పొద్దున కుర్చీలోంచి కేకేసింది. "అమ్మాయ్, రెండు రోజులైంది వీధి చూసి. ఈ పిన్నీసులేంటి, నన్నేమన్నా మూట కట్టావా?"

"ఎవడో మనింట్లోకి చూస్తున్నాడు అత్తయ్యా."

"చూస్తే చూడనీ. మన దగ్గరేముందని?"

పిన్ని ఆగలేక ఫోను తీసి మూడు మెసేజిలూ చదివి వినిపించింది. చదువుతుంటే గొంతు వణికింది. అత్తగారు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని మొత్తం విని, రెండోది మళ్లీ చదవమంది.

"పచ్చ అంటే మన పసుపుపచ్చే అని ఎవడు చెప్పాడే? ఆకుపచ్చ కాకూడదా? ఎదురు బిల్డింగులో ఆయనకి ఆకుపచ్చ కర్టెనే. ఆయనా కుర్చీలోనే కూర్చుంటాడు."

పిన్ని ఫోనులో ఆ ఫోటో మళ్లీ తెరిచింది. తలుపు మీద ఊచలు, ఊచల వెనక, ఇంతకు ముందు చెట్టో ఏదో అనుకుని వదిలేసిన ఆకుపచ్చ మరక, దాని పక్కన తెల్లటి చొక్కాలాంటిది.

"ఎవరాయన?" అంది.

"నాకేం తెలుసు? వచ్చి రెండేళ్లయింది. కూతురు పొద్దున్నే పనికి పోతుంది. ఆయన గడప దాటగా చూడలేదు. రోజూ నేనాయన్ని చూస్తా, ఆయన నన్ను చూస్తాడు. మా ఇద్దరికీ వేరే పనేముంది?"

విన్నాక భయం తగ్గాల్సింది పోయి రెట్టింపైంది. వాడెక్కడో దూరాన ఉన్నాడనుకుంది ఇన్నాళ్లూ. ఇప్పుడు వీధి వెడల్పు దూరంలో, తన కిటికీకి సరిగ్గా ఎదురుగా ఉన్నాడు. ఆ రోజంతా వంటింట్లోంచి ముందుగదిలోకి వంగుని నడిచింది.

ఆదివారం పది గంటలకి భర్త చొక్కా వేసుకుని, ప్యాంటు జేబులో పానా పెట్టుకున్నాడు.

"అదెందుకండీ?" అంది పిన్ని.

"ఉంటే తప్పేంటి?"

ఎదురు బిల్డింగుకి వెళ్లాక భర్త లిఫ్టెక్కాడు. "ఇవాళైనా రా" అన్నాడు. పిన్ని మెట్ల వైపు తిరిగింది. వెనక్కి పోదామని రెండుసార్లు అనుకుంది. భర్త పైన ఒక్కడే ఉంటాడన్న ఆలోచన ముందుకి తోసింది.

నాలుగో అంతస్తులో తలుపు జానెడే తెరుచుకుంది. లోపల గొలుసు వేసి ఉంది. సందులోంచి ముప్పయ్యేళ్ల అమ్మాయి మొహం కనిపించింది.

"ఎవరు కావాలి?"

"ఎదురింటివాళ్లం" అన్నాడు మెకానిక్కు, అనుకున్నదానికంటే చిన్న గొంతుతో.

లోపల ఏదో దభీమని కిందపడింది. ఒక ముసలి గొంతు వచ్చింది. "తియ్యకు. తలుపు తియ్యకు. పోలీసులకి ఫోన్ చెయ్యి."

ఆ గొంతు వణుకుతోంది. అలా వణికే గొంతు ఎలా ఉంటుందో నాలుగైదు రోజులుగా పిన్నికి బాగా తెలుసు. భర్తని పక్కకి జరిపి సందులోంచి చూసింది. గదిలో ఆ చివర ఒక పెద్దాయన, కుర్చీలోంచి సగం లేచి, చేతికర్రని రెండు చేతులా ఎత్తి పట్టుకున్నాడు. ఆయన వెనక చెక్క అరలో ఆరు కార్లు, ఒక్కోదాని కింద తెల్ల కాగితం.

"ఆ కార్లు నేను చేసినవేనండీ" అంది.

ఆ అమ్మాయి తండ్రి వైపు ఒకసారి, పిన్ని వైపు ఒకసారి చూసి గొలుసు తీసింది.

పెద్దాయన వెంటనే నమ్మలేదు. నీలం కారు స్టీరింగు ఏ పక్కకి కాస్త బిగుతుగా ఉంటుందో చెప్పమన్నాడు. "కుడికి. లోపల తీగ చిన్నదైపోయింది" అంది పిన్ని. అప్పుడు కర్ర దించాడు.

"నలభై ఏళ్లు కార్ల ఫ్యాక్టరీలో పెయింటు చూసేవాణ్ణమ్మా. రేకు మీద ట్యూబులైటు నీడ నిటారుగా ఉందా, వంకరపోయిందా, అదే నా పని. ఫోటోలోనైనా అదే చూస్తా. నీలం కారు చూస్తే అందులో నా కిటికీ ఉంది. నేనే ఉన్నాను, ఈ కుర్చీలో." ఆయనకి ఆయాసం వచ్చింది. కూతురు నీళ్లిచ్చింది. "ఎవరో నన్ను కనిపెట్టుకుని ఉండి, ఫోటో తీసి, నాకే అమ్మారనుకున్నా. నేను లేచి పరిగెత్తలేను. ఇది పొద్దంతా ఇంట్లో ఉండదు. బెదిరిస్తే పోతారని రాశాను."

"మొదటి దానికి ఈవిడ జవాబిచ్చిందిగా" అన్నాడు మెకానిక్కు.

"అదేనయ్యా. నా కిటికీ కనిపిస్తోందని రాస్తే ధన్యవాదాలండీ అన్నారు. అది చూశాక నాకు అన్నం సయించలేదు."

కూతురికి నవ్వు ఆగలేదు. పిన్ని మాత్రం నవ్వలేకపోయింది. అడక్కుండానే స్టూలు మీద కూర్చుండిపోయింది. మెకానిక్కు జేబులో పానా బయటికి పొడుచుకొచ్చి ఉంటే, చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు.

ఆ సాయంత్రం ఇంట్లో పిన్ని ఇంకో పని చేసింది. అమ్మిన తొమ్మిది కార్ల ఫోటోలూ ఒక్కొక్కటే పెద్దవి చేసి చూసింది. ఎర్ర కారు టాపు మీద వీధి చివర మందుల షాపు బోర్డు, అక్షరాలు తిరగబడి ఉన్నా చదవొచ్చు. తెల్ల కారు బానెట్టు మీద సెలవులకి వచ్చిన కూతురి మొహం. ఇంకోదాంట్లో గుమ్మం పక్క మేకుకి తగిలించిన ఇంటి తాళంచెవి. రెండేళ్లుగా అవి అక్కడే ఉన్నాయి, ఎవరైనా చూసేలా. సైటులోంచి అన్నీ తీసేసింది. భయపడింది తప్పు మనిషికే గాని, ఆ భయం మాత్రం ఒట్టిది కాదు. ఎంతమంది చూశారో, అందులో ఎవరు ఏం గుర్తుపెట్టుకున్నారో ఎప్పటికీ తెలియదు. ఏమీ జరగలేదు. ఇప్పటిదాకా జరగలేదనే ఆవిడ అంటుంది.

పిన్ని ధైర్యవంతురాలేమీ కాలేదు. ఇప్పుడు ఫోటో తీయాలంటే బల్ల చుట్టూ తెల్లదుప్పటి కట్టి, దానికి చిన్న చిల్లు పెట్టి అందులోంచి తీస్తుంది. తీసిన ప్రతిదాన్నీ అత్తగారికి చూపిస్తుంది, ఆ గద్దకళ్లకి ఏమీ చిక్కకపోతేనే సైటులో పెడుతుంది.

నల్ల కారు బియ్యం డబ్బాలోంచి బయటికి వచ్చాక, దాన్ని వేలానికి పెట్టకుండా ముందు పెద్దాయన దగ్గరికి పట్టుకెళ్లింది. ఆయన దాన్ని ట్యూబులైటు కింద పట్టుకుని ఒక పక్క నుంచి ఇంకో పక్కకి, మళ్లీ వెనక్కి, ఎంతో నెమ్మదిగా తిప్పాడు. పాతికేళ్లలో ఏ డాక్టరూ ఆవిడ చేతిపనిని అలా చూడలేదు.

"వెనక తలుపు దగ్గర చిన్న అల ఉందమ్మా" అన్నాడు చివరికి. "ఇంకెవరికీ కనపడదులే."

పిన్ని కారు తీసుకుని, మెట్లు దిగి, వీధి దాటింది. ఆ తలుపు రంగు గీకేసి మళ్లీ వేయడానికి పదకొండు రోజులు పట్టింది.