పిసకకూడని కాలు

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి ఏడాది నన్ను భద్రాచలం అడవి అంచున ఉన్న ఒక ఆసుపత్రికి న్యూరోసర్జన్‌గా పంపారు. తలకు దెబ్బ తగిలినవాళ్లే ఎక్కువగా వచ్చేవారు. తల ఆపరేషన్ బాగా జరిగిన రోగి కాలిలోని రక్తపు గడ్డ వల్ల పోతే నాకు ఒళ్లు మండేది.

యోహాను బొగ్గుగని కార్మికుడు. డ్యూటీ దిగి బైకు మీద వస్తూ, చండ్రుగొండ దాటాక అడవిపందిని తప్పించబోయి పడ్డాడు. మెదడులో రక్తస్రావం. ఆపరేషన్ చేసి వెంటిలేటర్ మీద పెట్టాం. తల్లి మరియమ్మ లోపలికి వదిలినప్పుడల్లా ప్రార్థన చేసుకుని అతని కాళ్లు పిసికేది. షిఫ్టు నుంచి వచ్చిన మనిషికి కాళ్లు పట్టడం ఆ ఇళ్లల్లో మామూలే. కదలని కాళ్లకు మంచిదే కదా అని మేమూ అడ్డు చెప్పలేదు.

వారం తిరక్కముందే ఎడమ తొడ వాచింది. స్కాన్ చేస్తే పెద్ద సిరలో రక్తం గడ్డకట్టి కనిపించింది. ఆ గడ్డ ఊడి ఊపిరితిత్తుల్లోకి పోతే మనిషి నిమిషాల్లో పోతాడు. అది పెరగకుండా, రక్తం గడ్డకట్టనివ్వని హెపారిన్ మందు ఇవ్వాలి. ఇస్తే తలలో మళ్లీ రక్తం కారొచ్చు. గడ్డను అడ్డుకునే జల్లెడలాంటి ఫిల్టర్‌ను పొట్టలోని సిరలో పెట్టాలంటే హైదరాబాద్ పోవాలి. అంత ప్రయాణం అతను తట్టుకోలేడు. మర్నాడు మరోసారి సీటీ తీసి, తలలో రక్తస్రావం ఆగిందని తేలితే మందు మొదలుపెడదామనుకున్నాను. అప్పటిదాకా ఆ కాలు పిసకొద్దన్నాను.

మరియమ్మ ముఖం వాడిపోయింది.

"కాలు ముట్టొద్దంటే ఇగ వీడు లేవడనేనా సారూ?" అని అడిగింది.

కాదని చెప్పి, కూర్చోబెట్టి, గడ్డ సంగతి విడమరిచాను. అర్థం చేసుకుంది. ఆ తర్వాత కాళ్ల వైపు పోనే లేదు. చేతులు కొంగులో చుట్టుకుని తల దగ్గరే నిలబడింది. నాకది చూడబుద్ధి కాలేదు.

మర్నాడు పొద్దున సీటీకి తీసుకుపోయేలోపే ఆక్సిజన్ పడిపోయింది, వెంటనే బీపీ పడిపోయింది. గడ్డ ఊడింది. చేయగలిగిందంతా చేసినా గుండె మళ్లీ కొట్టుకోలేదు.

మరియమ్మకు నేనే చెప్పాను. ఆమె చేతుల వల్ల జరిగింది కాదని కూడా చెప్పాను. నర్సులు గొట్టాలు తీసేదాకా ఆగి, నా వైపు తిరిగింది.

"ఇప్పుడు కాళ్లు పట్టొచ్చా సారూ?"

పట్టమన్నాను.

కాలు ముట్టొద్దని చెప్పేటప్పుడు, ఏ చెయ్యి పట్టుకుని కూర్చోవచ్చో కూడా అప్పుడే చెప్పాలని ఆ రోజు నేర్చుకున్నాను. రిటైరయ్యేదాకా అలాగే చెప్పాను. గడ్డలు మాత్రం ఆ తర్వాత కూడా కొన్ని ఊడాయి.