మందం టైర్ల చీటీ

మా తమ్ముడి కారు నేలకు జానెడు ఎత్తు కూడా ఉండదు. అందులోకి ఎక్కడం అంటూ ఉండదు, దిగడమే. యాభై దాటిన నాలాంటి మనిషి ఒక చేత్తో తలుపు, ఇంకో చేత్తో కుచ్చిళ్లు పట్టుకుని, దేవుణ్ణి తలుచుకుని వెనక్కి వాలిపోవాలి. వాడికి గుడివాడలో రొయ్యల చెరువుల నీళ్లు పరీక్ష చేసే చిన్న ల్యాబు ఉంది. బంటుమిల్లి నుంచి నాగాయలంక దాకా చెరువు గట్ల వెంట తిరిగే పనికి ఆ కారు ఎందుకని అడగనివాళ్లు లేరు. పెళ్లి వద్దనుకున్నాడు, సిగరెట్టు అలవాటు లేదు, ఊళ్లు తిరిగే సరదా లేదు. చిన్నప్పటినుంచీ వాడికున్న కోరిక అదొక్కటే. హైదరాబాదులో ఎవరో వాడుకుని అమ్మేసిన బండిని తెచ్చుకుని, కళ్లకద్దుకుని చూసుకుంటున్నాడు.

ఏటా సుబ్బారాయుడి షష్ఠికి నన్ను బందరు నుంచి మోపిదేవి తీసుకెళ్లడం వాడి వంతు. ఈ మేలుకు నేను ఎన్నిసార్లు దండం పెట్టుకున్నానో లెక్కలేదు. షష్ఠి వచ్చేది సరిగ్గా కోతల కాలంలో. అప్పుడు దివిసీమ రోడ్లలో సగం రోడ్లు కావు, కళ్లాలు. ఒక పక్కంతా ధాన్యం ఆరబోసి, బండ్లు తొక్కకుండా అంచున రాళ్లూ ఇటుకలూ పేరుస్తారు. మిగతావాళ్ల బండ్లు వాటిని చూసీ చూడనట్టు దాటిపోతాయి. మావాడి కారుకు ప్రతి ఇటుకా ఒక గండమే.

మూడేళ్ల కిందట షష్ఠికి వెళ్లి వస్తుంటే ఎదురుగా బస్సు వచ్చింది. తమ్ముడు పక్కకు తిప్పాడు. ముందు చక్రం ఇటుకెక్కింది. తుపాకీ పేలినట్టు చప్పుడైంది, కారు ఒక పక్కకు కుంగింది. నా చేతి గాజులు రెండు చిట్లాయి. ధాన్యం తాలూకు ఆవిడ, కాళ్లతో గింజలు తిరగేస్తున్నదల్లా, పైట బిగించి వచ్చింది. చెల్లాచెదురైన ధాన్యం వంక చూసి, టైరు వంక చూసి, కిటికీలోకి వంగి అడిగింది.

"కూర్చుని నడుపుతున్నావా బాబూ, పడుకుని నడుపుతున్నావా?"

తమ్ముడు నవ్వేశాడు. నాకు నవ్వు రాలేదు. ఇంటికొచ్చాక కూడా ఆ చప్పుడు చెవుల్లోంచి పోలేదు. మిక్సీ మూత ఊడినా ఉలిక్కిపడేదాన్ని.

వంగిన రిమ్మును ఎవరో సాగగొట్టి ఇచ్చారు. మరుసటి కార్తీకానికి టైర్లు అరిగిపోయాయని, కొత్తవి తీసుకోవడానికి నన్ను కూడా గుడివాడ రమ్మన్నాడు. ఏం కొనాలన్నా నేను పక్కనుండాలి వాడికి. అమ్మ పోయినప్పుడు వాడికి నాలుగేళ్లు. ఉబ్బసం వల్ల నన్ను బడికి పంపలేదు, నాన్నే ఇంట్లో కూర్చోబెట్టి చదువు చెప్పారు. ఆ చదువే నేను వాడికి చెప్పాను. వాడి మొదటి పలక మీద దిద్దించిన చెయ్యి నాది. అందుకే నేను ఏది రాసినా వాడికి గౌరవం. ఈ మాట గుర్తు పెట్టుకోవాలి, ఎందుకంటే నేను పాడు చేసింది దాన్నే.

టైర్ల షాపాయన పెద్దమనిషి. కారు చుట్టూ ఒకసారి తిరిగి, టైరు పక్క మందం వేళ్లతో కొలిచి చూపించాడు. రెండు వేళ్లు.

"ఇది పట్నం సోకండి. మన రోడ్ల మీద ఇది నేల నాక్కుంటా పోద్ది. చలికాలం నాలుగు నెలలూ ఈ పంతొమ్మిది అంగుళాల చక్రాలు ఇప్పేసి దాచుకోండి. పదిహేడు రిమ్ము పెట్టి, నాలుగు వేళ్ల మందం టైరేసుకోండి. ఎండాకాలం వచ్చాక మళ్లీ మీ సోకు మీరు చేసుకుందురు."

పదహారు పెడితే ఇంకా మందం వస్తుంది కదా అని నేనడిగాను. ఈ కార్లకి లోపల బ్రేకు పెద్దదనీ, పదహారు రిమ్ము దానికి తగులుతుందనీ చెప్పాడు. రిమ్ము తగ్గినంత మేరా టైరు పెరగాలట, మొత్తం ఎత్తు మారకూడదట. మారితే స్పీడు మీటరు అబద్ధం చెబుతుందట. ఇంత ఓపిగ్గా చెప్పే మనిషి దొరికినందుకు అక్కడే మనసులో దండం పెట్టుకున్నాను.

తమ్ముడికి మాత్రం ఆ మందం టైర్లు చూడగానే ముఖం వాడిపోయింది. ట్రాక్టరు ట్రాలీలా ఉంటుందన్నాడు. పాత కొలతలోనే పల్చటివి మళ్లీ తీసుకుంటానన్నాడు. నేను బతిమాలాను. వాడు కాసేపు ఊగిసలాడి, చివరికి నవ్వుతూ, ఇంట్లో ఆచారం ఉందిగా అక్కా, చీటీలు వేద్దాం, దేవుడు ఏదంటే అదే అన్నాడు.

ఆచారం నాన్నది. ఏ విత్తనం చల్లాలి, గేదెను అమ్మాలా ఉంచాలా అని ఎటూ తేలనప్పుడు రెండు చీటీలు రాసి, ఒకేలా మడిచి, దేవుడి ముందు పెట్టేవారు. రాసినవాళ్లు తియ్యకూడదు, అడిగినవాళ్లే తియ్యాలి. తీసినదాన్ని చదువుకుని, రెండోదాన్ని విప్పకుండా దీపంలో కాల్చెయ్యాలి. దేవుడు వద్దన్నదాన్ని మళ్లీ చూడటం అపనమ్మకం అనేవారు నాన్న.

మర్నాడు పొద్దున్న బందరులో మా ఇంట్లో, దీపం వెలిగించి, పీట మీద కాగితం పెట్టుకుని కూర్చున్నాను. తమ్ముడు స్నానానికి వెళ్లాడు. మొదటి చీటీ మీద 'మందం టైర్లు' అని రాశాను. రెండోదాని మీద 'పల్చటివి' అని రాయాలి. కలం ఆగింది. వాడి క్షేమం కోసమే అనుకున్నాను అప్పుడు. ఇప్పుడు నిజం రాస్తున్నాను కాబట్టి చెబుతున్నాను, వాడి క్షేమం కంటే ముందు నా చెవుల్లోని చప్పుడే నా చెయ్యి పట్టుకుంది. ఆ చక్రాల మీద మళ్లీ కూర్చోవడానికి నాకు భయం. రెండో చీటీ మీద కూడా 'మందం టైర్లు' అనే రాశాను.

వాడు తడి తలతో వచ్చి, కళ్లు మూసుకుని, ఒకటి తీశాడు. చదివి, సరే స్వామీ అన్నాడు. రెండోదాన్ని నేను దీపంలో పెట్టాను. అంత చిన్న కాగితం కాలడానికి అంతసేపు పట్టడం నేనెప్పుడూ చూడలేదు.

టైర్లు మార్చుకున్నాడు. పాత చక్రాలు నాలుగూ తుడిచి, పెడన కలంకారీ దుప్పట్లలో చుట్టి మా మేడ గదిలో పెట్టాడు. తీసిన చీటీని కారులో స్పీడు మీటరు పక్కన, బుల్లి వినాయకుడి పాదాల దగ్గర అంటించుకున్నాడు. కారులో కూర్చున్నప్పుడల్లా నా చేతిరాత నా ఎదురుగా ఉండేది.

ఆ ఏడు షష్ఠికి అదే దారిలో, అదే చోట, అదే ఆవిడ ధాన్యం తిరగేస్తూ, వెనక్కి చూసుకోకుండా రోడ్డు మీదకి అడుగు వేసింది. తమ్ముడు ఒక్కసారిగా తిప్పాడు. చక్రం ఇటుకెక్కి, దిగింది. అంతే. ధాన్యం కాస్త చెదిరింది. ఆవిడ మళ్లీ నువ్వేనా అని తిట్టింది. వాడు కారు పక్కకు ఆపి దిగి, ముందు చక్రం తడిమి చూసి వచ్చి కూర్చున్నాడు.

"అక్కా, పాతవైతే పేలేవి. పేలితే బండి ఆవిడ మీదకి లాగేసేది," అన్నాడు. వేలితో ఆ చీటీని తాకి కళ్లకద్దుకున్నాడు.

నేనూ చేతులు జోడించాను. ఆవిడ ప్రాణం నిలిచినందుకు ఆ దండం నిజమే. కానీ జోడించిన చేతులే రెండో చీటీ రాసిన చేతులు.

ఆ మాట వాడు అందరికీ చెప్పాడు. సరదాగా మొదలైనది వాడికి నిష్ఠ అయిపోయింది. ల్యాబు గది మార్చాలన్నా, పనివాణ్ణి పెట్టుకోవాలన్నా చీటీలే. అవి వాడే రాసుకునేవాడు, పెద్ద విషయాలకు మాత్రం అక్క రాయాలనేవాడు. ఏదో ఒక వంక చెప్పి తప్పించుకునేదాన్ని. ఒకరోజు బంటుమిల్లి నుంచి ఒక రొయ్యల రైతు మా గుమ్మంలో నిలబడి, ఇప్పుడే పట్టేయాలా, ఇంకో పది రోజులు ఆగాలా, చీటీ రాసివ్వండి అక్కగారూ అన్నాడు. కాఫీ ఇచ్చి, నాకంత అర్హత లేదండీ అని పంపేశాను. వినయం అనుకుని ఇంకో దండం పెట్టి వెళ్లాడాయన.

ఈ ఏడు కార్తీకంలో ఒక ఉదయం తమ్ముడు పొట్ట పట్టుకుని వచ్చాడు. డాక్టర్లు గాల్ బ్లాడర్‌లో రాళ్లన్నారు, ఆలస్యం చెయ్యకుండా ఆపరేషన్ చేయించుకోమన్నారు. వాడికి కత్తి అంటే భయం.

"రెండు చీటీలు రాయక్కా. చేయించుకోమంటే రేపే చేరిపోతా. వద్దంటే మందులతో చూసుకుంటా."

వాడు స్నానానికి వెళ్లాడు. నేను పీట ముందు కూర్చున్నాను. 'చేయించుకో' అని ఒకటి రాశాను. రెండోది 'వద్దు' అని రాస్తే, అదే వాడి చేతికొస్తే? రాయలేకపోయాను. మళ్లీ 'చేయించుకో' అనే రాశాను. మడిచి పెట్టాను. ఈసారి నా భయం కాదు, నిజంగా వాడి కోసమే.

తడి తలతో వచ్చి, కళ్లు మూసుకుని, ఒకటి తీశాడు. చదివాడు. ముఖం తేటపడింది. నొప్పి మొదలయ్యాక చూడని తేట అది. నేను రెండోదాన్ని దీపం దాకా తీసుకెళ్లాను. వాడు నన్నే చూస్తున్నాడు, పలక దిద్దించినప్పుడు చూసినట్టు. నా వల్ల కాలేదు. చీటీ వాడి చేతిలో పెట్టాను.

"ఇదీ విప్పు."

"విప్పకూడదుగా."

"విప్పరా."

విప్పాడు. రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు. టైర్లప్పుడు కూడానా అన్నాడు. తలూపాను. వాడు కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది.

"నాన్న రాసినవి కూడా ఇంతేనేమో," అన్నాడు.

"నాన్న అలా చెయ్యరు."

"నువ్వూ చెయ్యవనుకున్నాగా."

కారు దగ్గరికి వెళ్లి, వినాయకుడి దగ్గర చీటీ పీకి తెచ్చి, నా పీట మీద పెట్టి వెళ్లిపోయాడు. మర్నాడు ట్రాలీ ఆటో పంపి, మేడ మీది చక్రాలు తెప్పించుకున్నాడు. దుప్పట్లు మడతపెట్టి వెనక్కి పంపాడు.

ఎనిమిది రోజులు ఫోను లేదు. తొమ్మిదో రోజు చేసి, సోమవారం ఆపరేషన్, డాక్టరు చెప్పాడని చేయించుకుంటున్నా, వస్తావా అని అడిగాడు. వెళ్లాను. ఆసుపత్రిలో మూడు రోజులు వాడి పక్కనే ఉన్నాను. అన్నీ మాట్లాడుకున్నాం, ఆ సంగతి తప్ప. ఆ గండం గడిచినందుకు ఆ డాక్టరుకూ, నర్సమ్మలకూ, పైవాడికీ దండాలు పెట్టాను. క్షమించమని అడగడం మాత్రం ఎవర్ని అడగాలో, ఎలా అడగాలో తెలియలేదు.

షష్ఠికి వస్తాడనుకోలేదు. వచ్చాడు, ఆ పాత చక్రాలకే కొత్త పల్చటి టైర్లు వేయించుకుని. నేను తలుపూ కుచ్చిళ్లూ పట్టుకుని కారులోకి వాలాను. వినాయకుడి పాదాల దగ్గర చీటీ ఉన్న చోట జిగురు మరక ఉంది.

ఆ ధాన్యం దగ్గరికి రాగానే కారు ఆపాడు. ఎడమ పక్క ఇటుకలు, కుడి పక్క రోడ్డు గొయ్యి.

"ఎటు పోదాం?" అన్నాడు.

అలవాటు కొద్దీ, ఆ స్వామి ఎటు నడిపిస్తే అటే అనబోతే, వాడు మధ్యలోనే ఆపాడు.

"ఆయన్ని అడగట్లేదు. నిన్నడుగుతున్నా."

ఇటుకలు చూశాను, గొయ్యి చూశాను. భయంగా ఉంది, ఉండు, నేను దిగుతానని చెప్పాను. భయమన్న ఈ మాట రెండేళ్ల కిందట గుడివాడ షాపులోనే చెప్పి ఉండాల్సింది. తలుపు పట్టుకుని ఎలాగో లేచాను. ధాన్యం తిరగేస్తున్న ఆవిడ దగ్గరికి వెళ్లి, రెండు ఇటుకలు జరుపుతానమ్మా, బండి పోయాక మళ్లీ పెట్టేస్తాను అని అడిగాను. ఆవిడ ఒప్పుకుని, గింజలు కాలితో లోపలికి నెట్టి, కారు వంక చూసింది.

"పోయినేడు చక్రాలు లావుగా ఉండేవిగా. మళ్లీ బక్కచిక్కాయేం?"

"నా వల్లేనమ్మా," అన్నాను.

కారు నెమ్మదిగా దాటింది. ఇటుకలు రెండూ ఎక్కడివక్కడ పెట్టి, చేతులు దులుపుకుని, వాడి దగ్గరికి నడిచాను.