తలగుడ్డ తీసిన లెక్క

మా ఇల్లు అంబాజీపేటకు అవతల. నేను లెక్కలు చెప్పిన హైస్కూలు కొత్తపేట దాపున. మధ్య దూరం పదిహేడు కిలోమీటర్లు. మోటారుసైకిలు మీటరు మీద మూడుసార్లు సరిచూసి రాసుకున్న అంకె ఇది. అందులో పదకొండు కిలోమీటర్లు కాలవగట్టు. కోనసీమలో చలేమిటని బయటివారు నవ్వుతారు. మా చలి థర్మామీటరుకు అందదు. కాలవ మీది తడిగాలీ, కొబ్బరితోటల కింద కదలకుండా నిలిచిన మంచూ కలిసి, బండి ఎంత వేగంగా వెళితే అంత వేగంగా చెవుల్లో దూరుతాయి. ఒంటికి స్వెట్టరు ఉంటుంది, కాళ్ళకు ఇంజను వేడి తగులుతుంది. తలకూ మెడకూ ఏ ఆధారమూ లేదు.

1998 నవంబరులో, పదో తరగతి పిల్లలకు ఉదయం ఆరింటికే లెక్కల క్లాసు పెడతానని నేనే హెడ్మాస్టరు గారిని అడిగాను. మొత్తం ముప్పై ఒక్కమంది. వారిలో పధ్నాలుగు మంది గట్టెక్కడం అనుమానం.

"అంత దూరం నించి చీకటితో రాగలరాండీ?" అన్నారాయన.

"వస్తానండి."

"ఆయ్, మీరొస్తే పిల్లలూ వస్తారు. మీరు రాకపోతే మాత్రం వాళ్ళ అమ్మానాన్నలకి నేను జవాబు చెప్పుకోవాలండి."

పదహారో తేదీ సోమవారం క్లాసు మొదలైంది. ఐదుంపావుకు బయలుదేరేవాణ్ణి. అప్పట్లో అందరిలాగే నేనూ తువ్వాలును తలచుట్టూ, చెవుల మీదుగా, మెడకింద ముడివేసి కట్టుకునేవాణ్ణి. మంకీక్యాపు వద్దనుకోవడానికి కారణం దురద కాదు. అది పెట్టుకుంటే ముఖం కనబడదు. ముఖం కనబడకుండా పెద్దల ముందు నుంచి వెళ్ళిపోవడం మా వైపు పలకరింపు ఎగ్గొట్టడంతో సమానం. హెల్మెట్టు మాట ఆ రోజుల్లో ఎవరూ ఎత్తేవారు కాదు.

అసలు చిక్కు తువ్వాలుతోనే వచ్చింది. పెద్దవారు ఎదురైతే తలగుడ్డ తీసి నమస్కారం చెప్పాలి. అది నాకు మా నాన్నగారు నేర్పిన పద్ధతి. సైకిలుకు వర్తించినదే మోటారుసైకిలుకూ వర్తిస్తుందని నేను నిర్ణయించుకున్నాను. తెల్లవారుజామున కాలవగట్టు మీద ఉండేది పెద్దవారే. పాలకేంద్రం దగ్గర ఇద్దరు, టీకొట్టు బల్ల మీద ముగ్గురు, నడకకు వచ్చే మా ఆవిడ మేనమామగారు, దారిలో అక్కడక్కడా మరికొందరు, లాకుల దగ్గర ముదురాకుపచ్చ శాలువా కప్పుకుని తలకు తెల్లతువ్వాలు చుట్టుకున్న ఒక ముసలి రైతు. ఆ రైతుగారిని నేను బాబాయిగారూ అనేవాణ్ణి, చుట్టరికమేమీ లేదు. ఆయన మనవరాలు మా క్లాసులో చదివేది. చీకట్లో కూడా ఆయన అక్కడ నిలబడేది దారినపోయేవారి నమస్కారాలు అందుకోవడానికేనని నా అభిప్రాయం. తలగుడ్డ తీయడానికి ఒక చెయ్యి చాలు. తిరిగి కట్టుకోవడానికి రెండు చేతులూ కావాలి, బండి ఆపాలి, స్టాండు వేయాలి. ఆరింటి క్లాసుకు వెళ్ళేవాడికి అంత వ్యవధి ఎక్కడిది? తువ్వాలు భుజం మీదే ఉండిపోయేది.

డిసెంబరు ఒకటో తేదీన, పాఠం మధ్యలో, బోర్డు మీద సమీకరణం రాసి వెనక్కి తిరిగి నోరు తెరిచాను. గాలి వచ్చింది, మాట రాలేదు.

అమలాపురంలో చెవి, ముక్కు, గొంతు చూసే డాక్టరు గారు లోపలికి అద్దం పెట్టి చూసి, "నాలుగు రోజులు గుసగుసగా కూడా మాటాడకండి. అవసరమైతే రాసి చూపించండి. చెవులూ మెడా కప్పుకోకుండా మళ్ళీ బండెక్కేరంటే ఈసారి నెల పడతది" అన్నారు. హెడ్మాస్టరు గారు ఇంటికి కబురు పంపారు: ఇంకొక్కసారి గొంతు పోతే క్లాసు ఆపేద్దాం, పిల్లలను మంచులో రప్పించి వెనక్కి పంపలేం. బుధవారం నుంచి శనివారం దాకా నాలుగు రోజులు, ఇవాళైనా నేను వస్తానేమోనని ఆరింటికి ముప్పై ఒక్కమంది రావడం, బోర్డు చూసి తిరిగిపోవడం జరిగిందని తర్వాత తెలిసింది. ఆ నాలుగు రోజులను మించిన సిగ్గు నా డైరీలో మరెక్కడా లేదు.

మాట లేని ఆ రోజుల్లో మా ఆవిడ నా డైరీ తెరిచింది. నవంబరు చివరి వారమంతా పుట అంచున చిన్న గీతలున్నాయి.

"ఈ గీతలేంటండీ?"

పలక మీద రాసి చూపించాను: తలగుడ్డ తీసిన లెక్క.

"రోజుకి తొమ్మిదిసార్లా? మళ్ళీ ఎన్నిసార్లు కట్టుకునేవారు?"

మూడు, అని రాశాను.

ఆమె ఎనిమిదో తరగతితో చదువు ఆపింది కాని లెక్కలో నాకంటే చురుకు. ఎక్కడ తీశానో, ఎక్కడ కట్టానో పలక మీద వరసగా రాయించింది. కూడింది. "పదిహేడు కిలోమీటర్లలో మీ తల గుడ్డలో ఉన్నది ఆరండి. పదకొండు ఉత్తతలే. దీనికి డాక్టరెందుకు?" అంది. నోరుంటే వాదించేవాణ్ణి. పలక మీద వాదన సాగదు. "తియ్యడం మానేయండి" అని ఆమె అనలేదు. అందుకు ఈ రోజుకీ నాకు గర్వం. "తీసేది మళ్ళీ దానంతటదే కూర్చునేలా ఉండాలి" అని మాత్రం అని కుట్టుమిషను మీది గుడ్డ తొలగించింది.

మొదటిది ఆదివారం నాటికి తయారైంది. లోపల పిల్లల పాత ఫ్లానెలు, పైన నీలం టెర్రీకాటను, మెడ దాకా దిగే ఒకే సంచి. సోమవారం ఏడో తేదీ ఉదయం గట్టెక్కగానే వెనక నుంచి గాలి దూరి అది ఉబ్బింది. టీకొట్టు బల్ల మీంచి ఒక పెద్దాయన, "మాస్టారూ, తలకి బూర కట్టుకుని బయల్దేరేరేంటండి? కొంచెం గట్టిగా పోతే పైకి లేచిపోతారు" అన్నారు. పక్కనున్నాయన టీ గ్లాసు కింద పెట్టి మరీ నవ్వారు. నేను బండి ముందుకు పోనిచ్చాను. ఉన్న కాస్త గొంతూ క్లాసు కోసం దాచుకోవాలి.

రెండోది అదే నీలం గుడ్డతో గురువారానికి వచ్చింది. అందులో తల వేరు, మెడ వేరు. మెడకు జానెడు పట్టీ, గొంతు మీద మూడు ప్రెస్ బటన్లు. తలకు చెవుల మీదికి దిగే టోపీ. రెండింటినీ మెడ వెనక నాలుగు వేళ్ళ వెడల్పు మేర మాత్రమే కలిపి కుట్టింది. నుదుటి దగ్గర అంచు పట్టుకుని వెనక్కి లాగితే టోపీ వీపు మీద పడుతుంది. అంచుకు కుట్టిన నాడా భుజం మీద చేతికందుతుంది. దాన్ని పట్టుకుని ముందుకు లాగితే టోపీ తిరిగి తలమీద కూర్చుంటుంది. ఎడమచెయ్యి చాలు, బండి ఆగనక్కరలేదు. తల దించి నమస్కారం చెప్పినంతసేపూ మెడ వెచ్చగానే ఉంటుంది. రోజుకు తొమ్మిదిసార్లు తీశాను, తొమ్మిదిసార్లు వేసుకున్నాను. ఉత్తతలతో నడిపిన దూరం మొత్తం కలిపినా ఒక కిలోమీటరు దాటలేదు.

లాకుల దగ్గర బాబాయిగారు రెండు రోజులు ఊరుకుని మూడోనాడు చెయ్యి అడ్డంపెట్టి ఆపారు.

"ఎడంచేత్తో తీస్తన్నారేంటండి మాస్టారూ?"

"కుడిచేతిలో యాక్సిలేటరు ఉందండి బాబాయిగారూ. అది వదిలితే బండి ఆగిపోద్దండి."

"ఆగితే ఏం పోయింది? రెండు మాటలు మాటాడి వెళ్ళొచ్చు."

"ఆరింటికి క్లాసండి."

ఆయన పట్టీ అంచు వేళ్ళతో నలిపి చూశారు. "ఎవరు కుట్టేరు?"

"మా ఆవిడండి."

"ఆవిడకున్న బుద్ధి మీకు లేకపోయిందే. నాలుగు రోజులు నోరు పోగొట్టుకునేదాకా" అని తప్పుకున్నారు. ఆ మాట నన్ను కొంచెం గుచ్చింది. నా గొంతు పోయిన రోజులు సరిగ్గా నాలుగని ఆయనకెలా తెలుసునని నాకప్పుడు తోచలేదు.

ఆ చలికాలమంతా ఆ నీలం టోపీ నా తలమీద ఉంది. జనవరిలో మంచు ఎంత దట్టంగా దిగిందంటే, రావులపాలెం పోయే అరటి లారీ ఎదురువస్తే ముందు దాని హారనూ, తర్వాత దీపాలూ, చిట్టచివర లారీ తెలిసేవి. చెవిపోటు రాలేదు. గొంతు ఒక్కరోజు బొంగురు కూడా పోలేదు. మా స్కూలు సైన్సు మాస్టారు మొదట నవ్వారు, సంక్రాంతి సెలవులు కాగానే కొలతలు ఇచ్చారు. మా ఆవిడ ఆ చలికాలంలో ఏడు కుట్టింది, మరుసటి చలికాలంలో పందొమ్మిది. టీకొట్టు బల్ల మీద నవ్విన ఇద్దరిలో ఒకరిది ఆ పందొమ్మిదిలో ఉంది. నేను కొలతలు రాసి పెట్టాను, అంతే; తెలివంతా ఆమెది. ఈ సంగతి ఎక్కడ రాయాల్సి వచ్చినా ముందు ఈ వాక్యమే రాస్తాను.

1999 మార్చి ఎనిమిది, సోమవారం, చివరి క్లాసు. అప్పటికి చలి పోయింది. అయినా చివరిరోజు పద్ధతి మార్చకూడదని టోపీ పెట్టుకునే బయలుదేరాను. లాకుల దగ్గర బాబాయిగారు గట్టు మధ్యకు వచ్చి నిలబడ్డారు. బండి ఆపి, ఎడమచేత్తో టోపీ వెనక్కి లాగాను. ఆయన తన తలకున్న తెల్లతువ్వాలు విప్పారు. ఆ తల నేను చూడటం అదే మొదటిసారి. నుదుటి పైన జుట్టు లేదు, వెనక ఉన్నది తువ్వాలు కంటే తెలుపు.

"మీరు తీయడమేంటండీ బాబాయిగారూ" అని బండి దిగబోయాను.

"దిగకండి, క్లాసుకి ఆలస్యమవుద్ది. అప్పుడు మీరు రాని నాలుగు రోజులూ మా పిల్ల చీకట్లో వెళ్ళి ఊరికే తిరిగొచ్చిందండి. అంతకుముందు ఇక్కడ ఊరికే నిలబడేవాణ్ణి. అప్పట్నించి దాన్ని సైకిలెక్కించి పంపి, మీ బండి ఈ లాకులు దాటేదాకా ఇక్కడే ఉంటన్నాను. మీరు రాకపోతే వెళ్ళి వెనక్కి తీసుకురావాలి కదండీ. ఒక్కరోజూ వెళ్ళాల్సిన పని పడలేదు." తువ్వాలు మడిచి భుజాన వేసుకున్నారు. "లెక్కలు మీకొక్కరికే వచ్చనుకోకండి మాస్టారూ. ఇవాళ్టికి డెబ్బయి మూడు రోజులు."

నా డైరీ ప్రకారం డిసెంబరు ఏడు నుంచి, ఆదివారాలూ, క్రిస్మసూ, సంక్రాంతి సెలవులు నాలుగూ పోను, డెబ్బయి నాలుగు. జనవరి చివరలో ఒకరోజు లాకుల దగ్గర ఆయన లేరు. తాతయ్యకు జ్వరమని ఆ పిల్ల క్లాసులో చెప్పింది. తప్పు లెక్కను చూసి దిద్దకుండా వదిలింది నా ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఆ ఒక్కసారే.

"ఆయ్, డెబ్బయి మూడేనండి" అన్నాను.

ఆయన పక్కకు తప్పుకుని దారి ఇచ్చారు. నేను టోపీ ముందుకు లాగుకోకుండానే బండి కదిలించాను. మెడకు పట్టీ ఉంది. మిగిలిన ఆరు కిలోమీటర్లూ ఉత్తతలతోనే వెళ్ళాను. ఆ వేళ డైరీ అంచున గీతలు పెట్టలేదు. ఆయన చెప్పిన అంకె మాత్రం రాసి, కింద గీత గీశాను.